వించ్‌కి కుంకుమ బొట్టు

దక్షిణాఫ్రికాలో, డర్బన్ పక్కనున్న ఇసిపింగోలో తారు వెయ్యని రోడ్డు లేదు. వాన పడితే నీళ్లు కాసేపు నిలబడి, ఎవరో కసిరినట్టు కాలవలోకి జారుకుంటాయి. అలాంటి చోట కాపురం ఉంటూ వేణుగోపాలరావు, బురదలో దిగబడ్డ లారీని కూడా ఒడ్డుకి లాగి పడెయ్యగల వించ్ ఉన్న పెద్ద బండి కొన్నాడు. ముందు బంపరు మీద బిగించిన మోటారు, దాని పక్కన ఇనుప తాడు చుట్టిన డ్రమ్ము, తాడు చివర కొక్కెం, వైరుతో వేలాడే రిమోటు. బొత్తాం నొక్కితే తాడు దానంతటది చుట్టుకుంటూ అవతలి బండిని లాక్కొస్తుంది. ఇదెందుకండీ మీకు అని ఎవరైనా అడిగితే, "అవసరం మనకి చెప్పి వస్తుందా?" అనేవాడు. కొని ఏడాది దాటింది. అవసరం చెప్పీ రాలేదు, చెప్పకుండానూ రాలేదు.

అమ్మినాయన పేరు ట్రెవర్. తెల్లాయన. ఎన్నికలై, జెండా మారి, పోస్టాఫీసులో తెల్లా నల్లా అందరూ ఒకే లైన్లో నిలబడాల్సి రావడంతో, దేశం గోతిలో దిగబడిపోతోందని ఆయనకి గట్టి నమ్మకం కలిగింది. అందుకని గోతుల్లోంచి లాగే బండిని అమ్మేసి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. వెళ్లేముందు వించ్ ఎలా వాడాలో, ఎలా వాడకూడదో కూర్చోబెట్టి చెప్పాడు. బండితో పాటు ఒక పుస్తకం, చేతులకి తోలు తొడుగులు, తాడు మీద కప్పడానికి బరువైన నారింజరంగు గుడారపు గుడ్డ పట్టా కూడా ఇచ్చాడు.

వేణుగోపాలరావుది కాకినాడ. మన పాస్‌పోర్టుల మీద "దక్షిణాఫ్రికాకి చెల్లదు" అనే మాట పోయిన కొత్తలో ఒక రంగుల ఫ్యాక్టరీ వాళ్లు పిలిస్తే వచ్చాడు. ఇనుముకి తుప్పు పట్టకుండా పూసే ప్రైమరు బాగుందో లేదో చూసి చెప్పడం ఆయన ఉద్యోగం. దాంతో తుప్పు ఆయనకి చుట్టమైపోయింది. ఎవరింటికి వెళ్లినా బెల్లు కొట్టేముందు గేటుని గోటితో గీకి చూసేవాడు. తలుపు తీసినవాళ్లకి నమస్కారం పెట్టాక, "మీ గేటుకి ఇంకో రెండు వర్షాకాలాలేనండీ" అనేవాడు. ఒకసారి పిలిచినవాళ్లు రెండోసారి పిలిచేముందు గేటుకి రంగు వేయించుకునేవారు.

డర్బన్ చుట్టుపక్కల తెలుగువాళ్ల పుట్టినరోజు పార్టీలన్నిటిలో ఆయన వించ్ ఉపన్యాసం ఉండేది. కేకు కోశాక, పులిహోరకి ముందు. "డ్రమ్ము మీద కొన్ని చుట్లు మిగలాలి, తాడు మొత్తం విప్పి లాగకూడదు. ఒట్టి చేతుల్తో ముట్టుకోకూడదు. లాగేటప్పుడు తాడు మీద బరువైన పట్టా కప్పాలి. ఖర్మకాలి తెగిందనుకోండి, కొరడాలా లేస్తుంది. ఆ పట్టా ఉంటే కింద పడుతుంది. తాడెంత పొడుగుంటే అంత దూరం మనుషులు ఉండకూడదు. తాడు దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అప్పుడప్పుడూ మొత్తం విప్పి, అంగుళం అంగుళం చూసి, తుడిచి, మళ్లీ బిగుతుగా చుట్టుకోవాలి." ఈ చివరిది చెప్పేటప్పుడు వేలు పైకెత్తేవాడు.

ఆయన మాత్రం ఎప్పుడూ విప్పలేదు. ట్రెవర్ చుట్టించిన తాడు కుట్టుమిషను కండెలా వరస తప్పకుండా ఎంతో ముద్దుగా ఉండేది. దాన్ని విప్పి నేల మీద పరవడానికి మనసొప్పలేదు. తోలు తొడుగులు కవరులోంచి తియ్యకుండా హాల్లో అద్దాల బీరువాలో, టీ కప్పుల పక్కన పెట్టారు. నారింజరంగు పట్టా మీదికి తడిగ్రైండరు ఎక్కింది, అది తిరిగేటప్పుడు గచ్చు మీద జారకుండా ఉంటుందని. వించ్‌కి మాత్రం ఆయన భార్య ఇందిరాదేవి సోఫాలకి మిగిలిన మెరూన్ రెక్సిన్‌తో మంచి తొడుగు కుట్టింది. ఆ ఇంట్లో టీవీకి, గ్యాసు సిలిండరుకి, కుట్టుమిషనుకి కూడా అదే రెక్సిన్. ఏది దేనికో పోల్చుకోవడానికి ఎత్తు చూసుకోవాలి.

ప్రతి శుక్రవారం ఇందిరాదేవి తొడుగు తీసి, వించ్ మీద పసుపునీళ్లు చల్లి, డ్రమ్ముకీ కొక్కేనికీ కుంకుమ బొట్టు పెట్టేది. అమావాస్యకి కొక్కేనికే కొబ్బరికాయ కొట్టేది. ఆ నీళ్లు డ్రమ్ము మీదుగా కారి లోపలి చుట్లలోకి దిగేవి. వేణుగోపాలరావు పైవరస తాడుని మెత్తటి గుడ్డతో అద్దంలా తుడిచి, మళ్లీ రెక్సిన్ కప్పి, తాళ్లు గట్టిగా బిగించి కట్టేవాడు. సముద్రం నాలుగడుగుల దూరంలో ఉన్న ఊరు కదా, గాలి తగిలితే తుప్పు పడుతుందని ఆయన భయం.

అవసరం కోసం ఆయన వెతకని చోటు లేదు. వాన కురిసిన మర్నాడు బీచ్ రోడ్డెంట నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లేవాడు. ఒకసారి హైవే పక్కన ఆగి ఉన్న కారు కనబడితే, బండి ఆపి, చొక్కా చేతులు మడుచుకుంటూ హుషారుగా దిగాడు. ఆ కారాయన పొదల చాటున వేరే పని మీద ఉన్నాడు.

పక్కింట్లో ప్రెగ్గీ ఉండేవాడు. హైస్కూల్లో వైస్ ప్రిన్సిపాలు. ఆయన ముత్తాతలు విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లోకి కూలీలుగా ఓడెక్కి వచ్చినవాళ్లు. ప్రెగ్గీకి తెలుగు భజన పాటల్లో ఎంత ఉందో అంతే వచ్చు. మృదంగం మాత్రం నోరున్నట్టు మాట్లాడేది. శనివారం సాయంత్రం భజన హాల్లో ఆయన కుడిచెయ్యి లేస్తే ముసలాళ్లు మోకాళ్ల నొప్పులు మర్చిపోయేవారు. హాల్లోనే కాదు, ఖాళీగా ఉంటే ఆ చెయ్యి ఊరుకోదు. బల్ల మీద, కుర్చీ మీద, కారు తలుపు మీద వాయిస్తూనే ఉంటుంది.

మొదట్లో వేణుగోపాలరావు ఆయన తెలుగుని బాగుచెయ్యాలనుకున్నాడు. "పెద్దవాళ్లని గారు అనాలి ప్రెగ్గీ. రావుగారూ, అనాలి."

"గారు నా నోరు పట్టు లేదు, మాన్," అన్నాడు ప్రెగ్గీ నవ్వుతూ. "అన్నా అంటే చాలు లేదా? అన్నా అంటే క్లోజ్ ఉంది."

ప్రెగ్గీ తల్లి బంగారమ్మకి మాత్రం తెలుగే వచ్చు. భర్త పోయాక, తోటివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక, ఇంట్లో కోడలూ మనవలూ అంతా ఇంగ్లీషైపోయాక, ఆవిడ పూజగదిలో గంగమ్మ పటంతోనే తెలుగు మాట్లాడుకునేది. గంగమ్మ జవాబు చెప్పేది కాదు. అలాంటిది ఒకరోజు గోడ అవతల ఎవరో, "ఏవండీ, పాలు పొంగిపోతున్నాయి!" అని అరవడం వినబడింది. బంగారమ్మ వంటింట్లోంచి పిండి చేత్తో అలాగే గోడ దగ్గరకి పరిగెత్తింది. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం వేణుగోపాలరావు ఆ ఇంటి వరండాలో కూర్చోవాల్సిందే.

"కూకో రావుబాబూ. తిన్నావా నేదా? మీ ఊళ్లో సేపలు ఇంకా అమ్ముతన్నారా? వానలు పడ్డాయా?" కాకినాడ వానల గురించి ఆయనకేం తెలుసు? అయినా పడ్డాయనే చెప్పేవాడు. ఆవిడ మొహం వెలిగిపోయేది. మధ్యలో ప్రెగ్గీ దూరి ఏదైనా అంటే, "ఒరే, నీ తెలుగుకి నా సెవులు నొప్పి. ఎల్లి టీ తే, చేచా!" అని తోటల్లో నేర్చుకున్న జులూ మాటతో తొందరపెట్టి తరిమేది.

ఉమ్‌జింటో ఊరి అవతల, ఆవిడ పుట్టిన తోటలో, చెరకు మధ్య రేకు కప్పు కింద గంగమ్మ రాయి ఉంది. ఏటా అక్కడ అంబలి కాచి పోస్తారు, ప్రెగ్గీ వాయిస్తాడు. ఆ ఏడు వానలు ఆగలేదు. బురదగా ఉంటుంది, మానేద్దామని ప్రెగ్గీ అన్నాడు. ఆ మాట గోడ మీంచి విన్న వేణుగోపాలరావు కళ్లు మెరిశాయి.

"మానెయ్యడమేమిటయ్యా, అమ్మవారి పని! నీ బక్కీ ముందు నడిపించు. వెనక నేను వస్తాను. మనకి వించ్ ఉంది."

బక్కీ అంటే వెనక తొట్టి ఉన్న చిన్న ట్రక్కు. అందులో అంబలి కుండలు, మృదంగం, బంగారమ్మ. వెనక పెద్ద బండిలో వేణుగోపాలరావు దంపతులు. ఇందిరాదేవి కూర్చోడానికని డర్బన్ గ్రే స్ట్రీట్ బజార్లో బేరమాడి కొన్న మింక్ దుప్పటి తెచ్చింది. బరువైనది, పులిబొమ్మది, జిప్పున్న ప్లాస్టిక్ కవరులో ఉంది. వచ్చే ఏడు ఇండియా వెళ్లేటప్పుడు ఆడపడుచుకి ఇవ్వాలి. కవరు తియ్యకుండా దాని మీద కూర్చోవచ్చని ఆవిడ ఉద్దేశం.

గుడి ఇంకా కూతవేటు దూరం ఉందనగా, చెరకు మధ్య పల్లంలో బక్కీ వెనక చక్రాలు సగానికి దిగబడిపోయాయి. ప్రెగ్గీ కిటికీలోంచి తల బయట పెట్టి అరిచాడు.

"అన్నా, నేను స్టక్, మాన్! ఫుల్ స్టక్!"

ఆ కేక వేణుగోపాలరావు చెవులకి సన్నాయిలా వినబడింది. ఆయన గట్టినేల మీద బండి ఆపి, అద్దంలో ఒకసారి మొహం చూసుకుని, దిగాడు. గుడి దగ్గర చేరినవాళ్లంతా గొడుగులు ముడిచి చూడ్డానికి వచ్చారు. అంతమంది ముందు ఆయన ఉపన్యాసం ఎప్పుడూ ఇవ్వలేదు. ఒక్క ముక్క వదలకుండా ఇచ్చాడు. బంగారమ్మని దింపి దూరంగా నిలబెట్టించాడు. గొడుగులవాళ్లని వెనక్కి, ఇంకా వెనక్కి జరిపించాడు. ఇంగ్లీషులో చెప్పాడు, తెలుగులో చెప్పాడు, వచ్చీరాని జులూలో చేతులూపి చెప్పాడు.

"ఇప్పుడు తొడుగులు," అన్నాడు.

"బీరువాలో ఉన్నాయండీ," అంది ఇందిరాదేవి.

"పట్టా?"

"గ్రైండరు కిందే ఉంది కదండీ. పొద్దున పిండి రుబ్బి అలాగే వదిలేశాను."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. పట్టా లేకపోతే బరువైన దుప్పటైనా కప్పచ్చని పుస్తకంలో ఉంది. ఆయన చూపు మింక్ దుప్పటి మీదికి వెళ్లింది. ఇందిరాదేవి చూపు ఆయన మీదికి వెళ్లింది.

"కొత్తదండీ," అంది ఆవిడ గొంతు తగ్గించి. "ఎర్రబురద. ఇక వదలదు. వదినకేం ఇస్తాం?"

అది సబబుగానే తోచింది ఆయనకి. సీటు కింద విమానంలోంచి తెచ్చుకున్న దుప్పటి ఒకటి ఉంది, వాళ్లు ఇచ్చారో వీళ్లు తెచ్చుకున్నారో తేలకుండా ఇంటికొచ్చిన దుప్పటి. అట్లకాడకి కట్టి ఊపితే జెండాలా ఎగిరేంత పల్చటిది. అదే బయటికి తీశాడు.

రెక్సిన్ తొడుగు విప్పి, డ్రమ్ము వదులుగా తిరిగేలా క్లచ్చి వదిలి, చేతిరుమాలు చుట్టుకున్న చేత్తో కొక్కెం పట్టుకుని బక్కీ వైపు నడిచాడు. పైవరస తాడు వెండిలా మెరుస్తూ వచ్చింది. రెండో వరస మొదలయ్యాక రంగు మారింది. తాడు కదులుతున్నకొద్దీ డ్రమ్ము మీంచి ఎర్రటి పొడి రాలసాగింది.

"చూశారటండీ, ఎంత కుంకుమ!" అంది ఇందిరాదేవి, వేలు అద్దుకుని కళ్లకి తాకించుకుంటూ. "అమ్మవారు లోపలే ఉందండీ."

"తల్లీ గంగమ్మా!" అని దూరాన్నుంచి బంగారమ్మ చేతులు జోడించింది. గొడుగులవాళ్లలో కొందరు కూడా జోడించారు.

వేణుగోపాలరావు వెనక్కి వచ్చి ఆ పొడిని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. కుంకుమ వేళ్ల మధ్య జారుతుంది. ఇది గరగరలాడింది. తాడులో ఒకచోట సన్నటి తీగ ఒకటి తెగి, ముల్లులా పైకి లేచి ఉంది. ఎదటివాళ్ల గేట్లలో దీన్ని రోడ్డవతల నుంచి పోల్చగల మనిషి. ఆపితే అయిపోయేది. "తాడు బాగులేదు, ట్రాక్టరు పిలవండి" అంటే అయిపోయేది. తోట ఆఫీసు కనబడుతూనే ఉంది, దాని ముందు ట్రాక్టరూ కనబడుతోంది. కాని అంతసేపు ఉపన్యాసం ఇచ్చాక, అంతమంది చేతులు జోడించి నిలబడ్డాక, ఏడాదిపాటు ఎదురుచూసిన కేక వినబడ్డాక...

"అన్నా, ఓకేనా?" అని కిటికీలోంచి అడిగాడు ప్రెగ్గీ.

"ఆ, కుంకుమేలే," అన్నాడు వేణుగోపాలరావు. వేళ్లు రుమాలుకి తుడుచుకుని, కొక్కెం బక్కీ వెనక తగిలించాడు. తాడు మీద విమానం దుప్పటి పరిచాడు. తన బండి ఇంజను నడుస్తూండగా, తెరిచిన తలుపు వెనక నిలబడి రిమోటు నొక్కాడు.

తాడు లేచి బిగిసింది. మోటారు మూలిగింది. బక్కీ కదలలేదు, ఇంకాస్త మూలిగాక కొద్దిగా కదిలింది. జనం కేకలు వేశారు. స్టీరింగు ఎడంచేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తున్న ప్రెగ్గీ, ఉత్సాహం పట్టలేక, కుడిచెయ్యి కిటికీలోంచి బయట పెట్టి తలుపు మీద దరువు మొదలుపెట్టాడు. వేణుగోపాలరావుకి ఆ దరువు వినబడింది. దాని కింద ఇంకో చప్పుడు కూడా వినబడింది, టిక్కు, టిక్కుమని, దూరంగా ఎవరో పుల్లలు విరుస్తున్నట్టు. బొత్తాం మీంచి వేలు తియ్యాలి. పుస్తకంలో అదీ ఉంది. కాని బక్కీ వస్తోంది, చక్రం ఒకటి బయటపడింది, ఇంకొక్క జానెడు...

తాడు డ్రమ్ము దగ్గర తెగింది. విమానం దుప్పటి గాల్లోకి లేచి చెరకు మీద ఎక్కడో పడింది. తాడు మాత్రం కింద పడలేదు. ఆయన పార్టీల్లో చెప్పినట్టే, కొరడాలా లేచి బక్కీ పక్కనుంచి కొట్టింది. దరువు ఆగిపోయింది.

ఆ తరవాత మింక్ దుప్పటి కవరుని ఇందిరాదేవి పళ్లతో చింపింది. జిప్పు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పులిబొమ్మ దుప్పటిలో ప్రెగ్గీ చేతిని మోచేతిదాకా చుట్టి, పెద్ద బండి వెనక సీట్లో పడుకోబెట్టారు. తల బంగారమ్మ ఒళ్లో ఉంది. వేణుగోపాలరావు నడిపాడు. వెనక బక్కీలో, కుండల్లో అంబలి చల్లారిపోయింది.

ఆసుపత్రి వరండాలో బంగారమ్మ బెంచీ మీద కూలబడింది. తరవాత అడిగింది.

"ఎలాగయింది రావుబాబూ? అంత సదూకున్నోడివి. నీ సేతిలో తాడు ఎలా తెగింది?"

ఆవిడ తప్పు పట్టలేదు. ఊరికే తెలుసుకుందామని అడిగింది. ఆవిడ అలా అడక్కుండా, కేకలేసి ఉంటే ఆయన నోటంట నిజమే వచ్చేదేమో. కాని బెంచీకి అటుపక్క నర్సు ఉంది, ఇటుపక్క భార్య ఉంది, గోటి సందులో ఎర్రటి పొడి ఇంకా ఉంది.

"చెయ్యి బయట పెట్టొద్దని చెప్పానమ్మా," అన్నాడు వేణుగోపాలరావు. "వినలేదు."

పొద్దుట్నుంచీ ఆయన చెప్పిన జాగ్రత్తల్లో ఆ మాట ఒక్కటే లేదు. అది ఆ బెంచీ మీదే పుట్టింది. ఇందిరాదేవి ఆయన మొహంలోకి చూసి, ఎదురుగోడ మీద పిల్లల టీకాల బొమ్మని శ్రద్ధగా చదవసాగింది.

ప్రెగ్గీకి తెలివి వచ్చాక బంగారమ్మ మంచం పక్కన నిలబడి మొదటిమాట అదే అడిగింది. "రావుబాబు సెప్పాడంట కదరా, సెయ్యి లోపలెట్టుకోమని?"

ప్రెగ్గీ కట్టు కట్టిన చెయ్యి వైపు చూశాడు. తరవాత మంచం కాళ్లవైపు నిలబడ్డ వేణుగోపాలరావు వైపు చూశాడు. మందు మత్తులో కళ్లు సగం మూసి ఉన్నాయి గాని, ఆ చూపు సగం చూపు కాదు.

"యా, మా," అన్నాడు తల్లితో. "చెప్పాడు. నా తప్పు."

రెండు వేళ్లు పోయాయి. మూడోది ఉంది గాని వంగదు. స్కూల్లో సుద్దముక్క ఎడంచేత్తో పట్టుకోవడం నేర్చుకున్నాడు. పిల్లలు రాత బాగుపడిందన్నారు. భజన హాల్లో ఇప్పుడు టేపురికార్డరు వాయిస్తుంది. దుమ్ము పట్టకుండా మృదంగానికి తొడుగు కుట్టిపెట్టమని బంగారమ్మ అడిగితే, ఇందిరాదేవి కాదనలేక ఇంట్లో ఉన్న గుడ్డతోనే కుట్టింది. మెరూన్ రెక్సిన్.

పార్టీల్లో వించ్ ఉపన్యాసం ఆగిపోయింది. మొదట్లో కేకు కోశాక అందరూ అలవాటుగా ఆయన వైపు తిరిగేవారు. ఆయన పులిహోర వైపు తిరిగేవాడు. ఎవరైనా ఆ ప్రమాదం సంగతి ఎత్తితే, పాపం ఎంత చెప్పినా ఆ ప్రెగ్గీ వినలేదటగా అని వాళ్లే అనేవారు. మాట అంతదూరం దానంతటదే నడిచింది.

ఆదివారాలు మాత్రం ఆగలేదు. మానేస్తే బంగారమ్మ గోడ దగ్గరకి వచ్చి పిలిచేది. వరండాలో అదే కుర్చీ, అవే ప్రశ్నలు, కాకినాడలో అవే వానలు. కొత్తగా చేరింది ఒకటే. ప్రెగ్గీ ఎడంచేత్తో టీ తెస్తూ కొంచెం ఒలకపోస్తే చాలు, ఆవిడ మొదలుపెట్టేది.

"సూసావా రావుబాబూ ఈడి వాటం? ఆవేళ నువ్వు బంగారంలాంటి మాట సెప్పావు. ఇన్నాడా? పెద్దోళ్లు సెప్తే ఇనాలి అని బుద్ధి నేదు. ఎంత సదివితే ఏటి, వైసు పిన్సిపాలంట! అమ్మవారు కుంకుమై కనపడి మరీ కాసింది, ఈడే సెయ్యి బయటెట్టాడు. నువ్వే నేపోతే ఈడు బతికీవోడా?"

ప్రెగ్గీ తల వంచుకుని నిలబడేవాడు. వేణుగోపాలరావు జంతిక నోట్లో పెట్టుకునేవాడు. అది నలగడానికి చాలాసేపు పట్టేది.

ఒక ఆదివారం ఆయన ఇంట్లోంచే నిశ్చయించుకుని బయల్దేరాడు. ఇందిరాదేవికి చెప్పాడు కూడా. ఆవిడ, "చెప్పెయ్యండి. నాకూ నిద్ర పట్టడం లేదు," అంది. కుర్చీలో కూర్చుంటూనే, వానల ప్రశ్న రాకముందే మొదలుపెట్టాడు.

"అమ్మా, ఆరోజు ఆ తాడు మీద ఎర్రపొడి ఉంది చూడండి..."

"మా!" అన్నాడు ప్రెగ్గీ గట్టిగా. "టీ షుగర్ లేదు. అన్నీ వేస్ట్. నువ్వు చెయ్యి, ప్లీజ్. నా టీ ఎవరు తాగు?"

"ఒక టీ కూడా సేతకాదు," అని సణుక్కుంటూ బంగారమ్మ లోపలికి వెళ్లింది. గిన్నెల చప్పుడు వినబడేదాకా ప్రెగ్గీ ఆగాడు.

"రావుగారూ," అన్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ప్రెగ్గీ అన్నా అనడం మానేశాడు. గారు ఇప్పుడు నోట్లో బాగానే పట్టింది. ఎక్కడా తడబడడు.

"రావుగారూ, అమ్మకి ఏం చెప్పు మీరు?"

"నిజం చెప్తాను ప్రెగ్గీ. అది కుంకుమ కాదు, తుప్పు. నాకు తెలుసు. చేత్తో పట్టుకున్నప్పుడే తెలుసు."

"నాకూ తెలుసు, మాన్. ఆరోజు నా షర్ట్ ఉంది. మా వైఫ్ మూడు వాష్ చేసి. బ్లడ్ పోయింది. రస్ట్ పోలేదు."

వేణుగోపాలరావు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావు? మీ అమ్మ నిన్ను అన్ని మాటలంటుంటే?"

"అమ్మ మీకు తెలీదు. మా మామ ఒకడు, అమ్మకి సొంత తమ్ముడు. ఒక కోడి కోసం మాట బంద్. ఆయన చచ్చిపోయి, బంద్ ఇంకా ఓపెన్ లేదు." ప్రెగ్గీ వంగని వేలితో లోపలి వైపు చూపించాడు. "మీరు చెప్తే మీతో మాట బంద్. అప్పుడు అమ్మ తెలుగు ఎవరితో? నాతో? నా తెలుగు మీరే చూడు. మా పిల్లలతో? మళ్లీ ఆ గంగమ్మ ఫోటోతో కూర్చో అమ్మ."

"నేను ఎలా భరించాలయ్యా ఇది?"

"అది మీ పని, రావుగారూ. చెప్తే మీ గుండె లైట్ అయ్యి. మా ఇల్లు సైలెంట్ అయ్యి." ప్రెగ్గీ కోపంగా అనలేదు. స్కూల్లో పిల్లవాడికి శిక్ష ఏమిటో చెప్పే గొంతుతో అన్నాడు. "ప్రతి సండే రండి. కూర్చోండి. నాకు తిట్టు, మీరు విను. ఫినిష్."

అప్పుడే బంగారమ్మ కప్పులు పట్టుకుని వచ్చింది. ఒకటి వేణుగోపాలరావు చేతికి ఇచ్చి, రెండోది ప్రెగ్గీ ఎడంచేతికి అందించి, అది సరిగ్గా పట్టుకున్నాడో లేదో చూసేదాకా తన చెయ్యి వదల్లేదు.

"ఏటో అంటన్నావు రావుబాబూ, ఎర్రపొడి అని?"

ప్రెగ్గీ టీలోకి చూస్తున్నాడు. ఎడంచేతి బొటనవేలు కప్పు మీద ఏదో దరువు వెయ్యబోయి ఆగిపోయింది.

"ఏం లేదమ్మా," అన్నాడు వేణుగోపాలరావు. "ఆ కుంకుమ గురించే."

"అదే మరి! ఆ తల్లి కనపడి మరీ సెప్పింది. నువ్వూ సెప్పావు. ఈడు ఇన్నాడా?" అని బంగారమ్మ కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చుంది. ఆవేళ చాలాసేపు మాట్లాడింది. ఎక్కడా మాట కోసం తడుముకోలేదు. తోటలో తన చిన్నతనం, తండ్రి పాడిన పడవ పాట, కొడుకు బుద్ధిలేనితనం అన్నీ మంచి తెలుగులో వచ్చాయి. "నీ బండికి ఈ సుక్కురారం బొట్టెట్టారా?" అని మధ్యలో అడిగింది.

"పెట్టామమ్మా," అన్నాడు.

వించ్ ఎప్పుడో పీకించేశాడు. ముందు బంపరు మీద బోల్టులు తీసిన కన్నాలు మాత్రం మిగిలాయి. సముద్రపు గాలికి వాటి అంచులు ఎర్రబడుతున్నాయి. ఫ్యాక్టరీలో ప్రైమరు డబ్బాలకి లోటు లేదు, బ్రష్షు ఒక్కసారి ఆడిస్తే సరిపోతుంది. రోజూ పొద్దున ఆఫీసుకి వెళ్లేముందు ఆయన బంపరు ముందు కాసేపు నిలబడి, ఒక కన్నం అంచుని గోటితో గీకి, ఎంత లోపలికి వెళ్లిందో చూసి, బండెక్కుతాడు.